గడ్డి కోసే మిషన్ ఇంజిన్ సైకిల్‌కి పెట్టాం – ఇంజిన్ అరుస్తుంది, బండి లాగదు, కాలిన వాసన

పొదలకూరు_నిమ్మతోట · 12 జూన్, ఉదయం 6:40

అందరికీ నమస్కారం. ఇక్కడ రాయడం ఇదే మొదలు.

మా నాన్నకి 63 ఏళ్లు. ఇంటి నుంచి నిమ్మతోటకి తొమ్మిది కిలోమీటర్లు, ముప్పై ఏళ్లుగా పాత 28 అంగుళాల సైకిల్ మీదే పోయి వస్తున్నాడు. రెండేళ్ల నుంచి మోకాళ్ల నొప్పులు. స్కూటర్ కొంటానంటే వద్దంటాడు, చెయ్యి సైకిల్‌కే అలవాటు పడిపోయిందంటాడు. తోటలో గడ్డి కోసే మిషన్ రాడ్డు విరిగి మూలన పడి ఉంది. ఇంజిన్ మాత్రం దివ్యంగా ఉంది, 35 సీసీ ఫోర్ స్ట్రోక్, ఒక్క లాగుకే అందుకుంటుంది. దాన్ని సైకిల్‌కి బిగిద్దామనుకున్నాను.

వెనక క్యారియర్ కింద యాంగ్లర్ ముక్కలతో బ్రాకెట్ వెల్డింగ్ చేయించాను. క్లచ్ డ్రమ్ము (ఇంజిన్ వేగం పెరిగితే లోపలి షూలు విచ్చుకుని దీన్ని పట్టుకుని తిప్పుతాయి) నుంచి పళ్ల బెల్టు మధ్య షాఫ్టుకి, అక్కడి నుంచి ఎడమ పక్క చైను వెనక చక్రానికి. పెడల్ చైను కుడి పక్క దాని మానాన అది ఉంది.

సమస్య ఏంటంటే, రేసు ఇస్తే ఇంజిన్ గట్టిగా అరుస్తుంది, బండి మాత్రం ఈడ్చుకుంటూ పోతుంది. చదునులో 20 దాటడానికి చాలాసేపు పడుతుంది. చెరువు కట్ట ఎక్కేటప్పుడు పూర్తిగా నిలబడిపోతుంది. దిగి చూస్తే ఏదో కాలిన వాసన. పైగా తెల్లటి పొగ. నాన్న రెండుసార్లు తొక్కి, "వద్దులేరా, వదిలెయ్" అన్నాడు. నాకు వదలబుద్ధి కావడం లేదు. ఎక్కడ చూడాలో చెప్పండి.

మస్తాన్_స్ప్రేయర్ (గుంటూరు) · 12 జూన్, ఉదయం 7:15

తమ్ముడూ, పెట్రోల్లో ఆయిల్ కలిపి పోస్తున్నావా? ఇంజిన్‌లో ఆయిల్ ఎంత పోశావు? ముందు ఈ రెండూ చెప్పు.

పొదలకూరు_నిమ్మతోట · 12 జూన్, ఉదయం 7:32

కలిపే పోస్తున్నానన్నా, లీటరుకి 30 మి.లీ. టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్. స్పేర్లు కొన్న చోట అలాగే చెప్పారు. లోపల ఆయిల్ కొలవలేదు, మూత దాకా నింపాను. ఇంజిన్ కొంచెం వాలుగా బిగించి ఉంది.

మస్తాన్_స్ప్రేయర్ · 12 జూన్, ఉదయం 8:05

పొగ సంగతి తేలిపోయింది. మిగతాది తర్వాత చూద్దాం.

నా దగ్గరికి వారానికి పది మిషన్లు వస్తాయి, అందులో సగం ఈ గందరగోళమే. టూ స్ట్రోక్‌కి లోపల ఆయిల్ గది ఉండదు, అందుకే పెట్రోల్లో కలపాలి. నీది ఫోర్ స్ట్రోక్. ఆయిల్ లోపల విడిగా ఉంటుంది, పెట్రోలు ఉత్తదే పోయాలి. కలిపి పోస్తే ప్లగ్గు నల్లబడుతుంది, ఎగ్జాస్టు వాల్వు మీద బొగ్గు పేరుకుంటుంది, కొన్నాళ్లకి వాల్వు సరిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. హోండా జీఎక్స్ 35 చూడు, ఆ సైజు ఇంజిన్లకి అదే కొలబద్ద. దానికి పట్టే ఆయిల్ 100 మి.లీ. మాత్రమే, టీ గ్లాసుడు. వాలుగా పెట్టి మూత దాకా పోస్తే అంతకంటే ఎక్కువే పట్టి ఉంటుంది. ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే దారి) గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి వస్తుంది, అక్కడి నుంచి కార్బొరేటర్‌లోకి. ఫిల్టర్ స్పాంజి తీసి వేళ్లతో పిండు. ఆయిల్ కారితే నేను చెప్పింది నిజం.

ఈ ఇంజిన్ ఎంత వాలినా నడుస్తుంది, దాని తయారీయే అలాంటిది. కానీ ఆయిల్ కొలిచేటప్పుడు మాత్రం చదునుగా ఉండాలి. మొత్తం వంపేసి, 10డబ్ల్యు-30 కొత్తది సిరంజితో 100 మి.లీ. లెక్కగా పొయ్యి. మొదటి పది గంటలకి ఒకసారి మార్చు, తర్వాత యాభై గంటలకోసారి. బండి ఆయిల్ లీటరు ఉంటుంది కాబట్టి కాస్త తగ్గినా తట్టుకుంటుంది. ఇక్కడ ఉన్నదే వంద, అందులో ముప్పై తగ్గితే మూడో వంతు పోయినట్టే.

ఓరుగల్లు_సైకిల్ · 12 జూన్, ఉదయం 9:20

అన్న, ఒక మాట అడుగుతా. వెనక చక్రానికి పెద్ద పళ్ల చక్రం ఎట్ల బిగించినవ్? స్పోక్స్ మధ్యల రబ్బర్లు పెట్టి తొమ్మిది బోల్టులతోనా?

మన పాత సైకిళ్లకు ముంగట చక్రానికి 32, వెనక చక్రానికి 40 స్పోక్స్ ఉంటయి. బయటి దేశాల నుంచి వచ్చే కిట్లల్ల ఆ తొమ్మిది బోల్టుల రబ్బరు 36 స్పోక్స్ చక్రం చూసుకొని చేసింది. నాలుగు స్పోక్స్‌కు ఒక బోల్టు, లెక్క సరిపోతది. 40కి సరిపోదు. బలవంతంగ బిగిస్తే కొన్ని స్పోక్స్ మీద బోల్టు నేరుగ కూసుంటది. నేను గట్లనే బిగించి నెల రోజుల్ల ఏడు స్పోక్స్ ఇరగ్గొట్టుకున్న. తర్వాత లేత్ షాపుల హబ్బు మందం కొలిపించి, రెండు ముక్కల పట్టీ చేపిచ్చి హబ్బుకే బిగించిన. మళ్ల స్పోక్ ఇరగలే.

పొదలకూరు_నిమ్మతోట · 12 జూన్, సాయంత్రం 7:50

మస్తాన్ అన్నా, ఫిల్టర్ పిండితే చెయ్యంతా ఆయిలే. మొత్తం కడిగి 100 మి.లీ. పోశాను, పెట్రోలు ఉత్తది పోశాను. పొగ పోయింది. ఇంజిన్ చప్పుడు కూడా శుభ్రంగా ఉంది.

బండి మాత్రం అలాగే ఉంది. లాగడం లేదు.

ఓరుగల్లు అన్నా, స్పోక్స్‌కే బిగించాను. రేపే విప్పి హబ్బుకి మారుస్తా.

కాలిన వాసన ఎక్కడిదా అని క్లచ్ కవరు విప్పాను. డ్రమ్ము లోపల గోడ నీలం రంగుకి తిరిగిపోయింది, అంచు దగ్గర గోధుమ రంగు. షూల లైనింగ్ అద్దంలా మెరుస్తోంది. గోటితో గీస్తే మసి పొడిలాగా రాలుతోంది. మూడు వారాలే నడిపాం.

రేస్_మాస్టర్ (విజయవాడ) · 12 జూన్, రాత్రి 8:30

క్లచ్ స్ప్రింగ్ వీక్ చెయ్యి బ్రో. రెండు చుట్లు సాగదీస్తే తొందరగా పట్టుకుంటుంది. నేను టూ స్ట్రోక్ కిట్లలో చేశాను.

మస్తాన్_స్ప్రేయర్ · 12 జూన్, రాత్రి 8:52

వద్దు తమ్ముడూ, అది మాత్రం చెయ్యొద్దు. ఈ ఇంజిన్ ఐడిలే (రేసు ఇవ్వనప్పటి వేగం) నిమిషానికి మూడు వేల చుట్ల పైన ఉంటుంది, జీఎక్స్ 35కి 3,100. షూలు పట్టుకోవడం మొదలయ్యేది నాలుగు వేలకు అటూ ఇటూ. మధ్యలో ఉన్న సందు అంతే. స్ప్రింగు సాగదీస్తే ఆ సందు పోతుంది, ఐడిల్లోనే చక్రం లాగుతుంది. పొద్దున చలిలో చోక్ వేసి తాడు లాగావనుకో, చోక్‌తో ఐడిల్ ఇంకా పెరుగుతుంది, స్టాండు దింపగానే బండి నీ చేతుల్లోంచి ముందుకు దూకుతుంది. 63 ఏళ్ల మనిషి కింద అది పెట్టకూడదు.

లెక్కల_మాస్టారు · 12 జూన్, రాత్రి 9:40

పాలిటెక్నిక్‌లో మెకానికల్ చెప్పి రిటైరయ్యాను. బాబూ, నాలుగు అంకెలు కావాలి. చిన్న పుల్లీ పళ్లు, పెద్ద పుల్లీ పళ్లు, చైను చిన్న చక్రం పళ్లు, వెనక చక్రం పళ్లు.

పొదలకూరు_నిమ్మతోట · 12 జూన్, రాత్రి 9:58

16, 56, 10, 44 మాస్టారూ.

లెక్కల_మాస్టారు · 12 జూన్, రాత్రి 10:45

నీ ఇంజిన్‌లో లోపం లేదు. పళ్ల లెక్కలోనే ఉంది. ఓపిగ్గా చదువు.

56ని 16తో భాగిస్తే 3.5. 44ని 10తో భాగిస్తే 4.4. రెండూ గుణిస్తే 15.4. అంటే ఇంజిన్ 15.4 చుట్లు తిరిగితే వెనక చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం ఒక్క చుట్టుకి నేల మీద సుమారు 2.2 మీటర్లు నడుస్తుంది. నమ్మకం కుదరకపోతే టైరు మీద సున్నం చుక్క పెట్టి, మనిషిని ఎక్కించి తోసి, నేల మీద పడిన రెండు మచ్చల మధ్య టేపు పట్టు.

ఇప్పుడు మస్తాన్ చెప్పిన నాలుగు వేలు తీసుకో. నాలుగు వేలని 15.4తో భాగిస్తే చక్రానికి నిమిషానికి 260 చుట్లు. 2.2తో గుణిస్తే నిమిషానికి 571 మీటర్లు, గంటకి 34 కిలోమీటర్లు.

దీని అర్థం ఏమిటో చూడు. బండి 34 కి.మీ. వేగం అందుకుంటే గాని డ్రమ్ము తిరిగే వేగం, షూలు తిరిగే వేగం సమానం కావు. మీ నాన్నగారు నడిపేది 20లో. అంటే ఇంటి నుంచి తోట దాకా తొమ్మిది కిలోమీటర్లూ షూలు డ్రమ్ముని రాసుకుంటూనే పోతున్నాయి. ఇంజిన్ చేసిన పనిలో పెద్ద భాగం ఆ డ్రమ్ములో వేడిగా మారిపోతోంది. నీలం రంగు అందుకే వచ్చింది. ఉక్కు ఆ రంగుకి తిరగాలంటే దాదాపు 300 డిగ్రీల వేడి తగలాలి.

ఇంకో వైపు నుంచీ చూద్దాం. జీఎక్స్ 35 మెలితిప్పే బలం అత్యధికంగా 1.6 న్యూటన్ మీటర్లు, అదీ 5,500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర. 15.4తో గుణించి, చక్రం వ్యాసార్ధం 0.35 మీటర్లతో భాగిస్తే, క్లచ్ ఏమాత్రం జారకపోయినా టైరు నేలని తోసే బలం 70 న్యూటన్లు, అంటే ఏడు కిలోల బరువంత. మనిషి, సైకిల్, ఇంజిన్, వెనక సంచి కలిపి వంద కిలోలు అనుకుందాం. వంద మీటర్లకి ఐదు మీటర్లు లేచే కట్ట ఎక్కాలంటే దానికే ఐదు కిలోల తోపు కావాలి. టైరు ఒరిపిడికి ఇంకో కిలో. బెల్టు, చైను, బేరింగులు తినేది తినగా మిగిలేది ఏమీ లేదు. నీది జారే క్లచ్, అందుకే కట్ట మధ్యలో నిలబడిపోయింది.

చిన్న ఫోర్ స్ట్రోక్ అడుగున బలం లేనిది. అది పైన తిరిగినప్పుడే పని చేస్తుంది. 35 సీసీ అయినా ఒక కిలోవాట్ ఇస్తుంది, ఏడు వేల దగ్గర. చదునులో 30 కి.మీ. వేగానికి మనిషికీ సైకిల్‌కీ 300 వాట్లు చాలు. బలానికి కొదువ లేదు. ఆ బలం పుట్టే చోట ఇంజిన్‌ని తిరగనివ్వడమే మన పని.

చెయ్యవలసింది: 56 పళ్ల పుల్లీ తీసి 80 పళ్లది పెట్టు. 10 పళ్ల చక్రం తీసి 9 పెట్టు. 5 ఇంటూ 4.89, అంటే 24.4. అప్పుడు నాలుగు వేలకి 21.6 కి.మీ., ఆరు వేలకి 32. పెడల్ తొక్కి 12, 15కి తెచ్చి ఒక్కసారిగా రేసిస్తే, జారే సమయం మూడు నాలుగు సెకన్లే.

ఓరుగల్లు_సైకిల్ · 13 జూన్, ఉదయం 6:10

మాస్టారు, దండం. నేను రెండేళ్ల సంది షూలు మారుస్తున్న, ఎందుకు అరుగుతున్నయో ఇయ్యాల తెల్సింది. నాది 17 వచ్చింది లెక్క.

డల్లాస్_శ్రీను · 13 జూన్, ఉదయం 8:30

మాస్టారు చెప్పినదానికి నా అనుభవం జోడిస్తాను. ఇక్కడ నాకు 49 సీసీ చైనా ఇంజిన్ ఉంది, 142ఎఫ్ అంటారు. ఫ్రేము మధ్యలో బిగించే రకం, క్లచ్‌కీ చైనుకీ మధ్య బెల్టు పెట్టె ఉంటుంది. మొదట వేగం మీద మోజుతో వెనక 36 పళ్లు పెట్టాను. మీ సంగతే, కాలిన వాసన. 48కి మార్చాక అదే ఇంజిన్ వేరే ఇంజిన్‌లా అయింది. పై వేగం తగ్గింది గానీ, ఎదురు గాలిలో కూడా అదే వేగం నిలబెడుతుంది. మొత్తం ప్రయాణ సమయం తగ్గింది.

ఇంకొక మాట. మీరు వెనక క్యారియర్ కింద పెట్టడం మంచిదైంది. నాది ఫ్రేము మధ్యలో ఉండడంతో ప్యాంటు కాలు గాలి లోపలికి తీసుకునే జాలీకి అంటుకునేది. ఎండాకాలం ఇంజిన్ బాగా వేడెక్కేది.

పొదలకూరు_నిమ్మతోట · 13 జూన్, ఉదయం 9:05

మాస్టారూ, రాత్రి మీ పోస్టు నాన్నకి చదివి వినిపించాను. ఆయన ఏడో తరగతి దాకానే చదివాడు. విని, "అంటే ఎద్దులు లాగుతున్నాయి గానీ కాడి మెడ మీద నిలవడం లేదన్న మాట" అన్నాడు. నాకంటే ఆయనకే ముందు అర్థమైంది.

80 పళ్ల పుల్లీ నెల్లూరులో దొరకలేదు. చెన్నై నుంచి తెప్పిస్తున్నా.

కోర్టు_మెట్లు · 13 జూన్, మధ్యాహ్నం 1:20

నేను జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. పుల్లీకి డబ్బు పెట్టకముందే ఒక విషయం చెప్పాలి.

1988 మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 2, క్లాజు 28 చూడండి. నాలుగు కంటే తక్కువ చక్రాలుండి, 25 సీసీ మించని ఇంజిన్ ఉన్న బండి "మోటారు వాహనం" నిర్వచనంలోకి రాదు. కాబట్టి ఆ చట్టం ప్రకారం రిజిస్ట్రేషను, లైసెన్సు, ఇన్సూరెన్సు అడిగే పని లేదు. చట్టం వచ్చిన కొత్తలో ఈ హద్దు 35 సీసీ. 1994 సవరణతో 25కి తగ్గించారు. పెద్దవాళ్లు కొందరు ఇప్పటికీ "35 దాకా పర్వాలేదు" అనడం నేను విన్నాను. అది పాత మాట.

మీ ఇంజిన్ 35 సీసీ. అంటే అది మోటారు వాహనమే. రిజిస్ట్రేషను లేకుండా రోడ్డెక్కకూడదు, చేతితో కట్టిన బండికి రిజిస్ట్రేషను వచ్చే దారి మామూలుగా ఉండదు. తోట లోపల మీ ఇష్టం. ఊరి రోడ్డు మాత్రం పంచాయతీది అయినా పబ్లిక్ రోడ్డే.

రేస్_మాస్టర్ · 13 జూన్, మధ్యాహ్నం 1:45

పల్లెటూళ్లో ఎవరు అడుగుతారు సార్? ఇంజిన్ మీద సీసీ ఎవరు చదువుతారు?

కోర్టు_మెట్లు · 13 జూన్, మధ్యాహ్నం 2:30

ఎవరూ అడగరు, నిజమే. ప్రమాదం జరిగిన రోజు అడుగుతారు. పోయినేడు మా బంధువుల్లో ఒకాయన ఇలాంటి బండి మీద పోతూ రోడ్డు దాటుతున్న ముసలావిడని తగిలాడు. తుంటి ఎముక విరిగింది. తప్పు ఎవరిదన్న వాదన అలా ఉంచండి. బండికి ఇన్సూరెన్సు లేదు, కట్టించుకునే వీలూ లేదు. ఆపరేషన్ ఖర్చు, పరిహారం, మొత్తం ఆయన సొంత జేబులోంచే. అరెకరం అమ్మాడు. ఆవిడ వైపు నుంచి చూసినా అంతే, ఇతను ఇవ్వలేకపోతే ఆవిడకి దిక్కెవరు?

25 సీసీ అయితే చట్టం మీ పక్కన ఉంటుంది. అప్పుడు కూడా అజాగ్రత్తగా నడిపి ఎవరికైనా దెబ్బ తగిలిస్తే బాధ్యత తప్పదు, అది వేరే సంగతి.

మస్తాన్_స్ప్రేయర్ · 13 జూన్, మధ్యాహ్నం 3:10

వకీలు గారి మాట విను తమ్ముడూ. జీఎక్స్ 25 అని తమ్ముడి లాంటి ఇంజిన్ ఉంది, సరిగ్గా 25.0 సీసీ. చిన్న గడ్డి మిషన్లకి వస్తుంది. నా దగ్గర ఒకటుంది, ఓనరు పెద్ద మిషన్ కొనుక్కుని ఇచ్చేశాడు. నీ 35 నాకు పంపు, పైన కొంచెం ఇచ్చి ఇది తీసుకెళ్లు. ట్యాపెట్లు (వాల్వుల దగ్గర ఉండే సందు) సెట్ చేసే ఇస్తాను. ఇన్‌లెట్ 0.08, ఎగ్జాస్ట్ 0.11 మి.మీ. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) లేకుండా చేతి అంచనాతో చెయ్యకూడని పని అది.

లెక్కల_మాస్టారు · 13 జూన్, సాయంత్రం 4:00

25 సీసీ అయితే లెక్క ఇంకొంచెం కిందికి దించాలి. దాని బలం 1.0 న్యూటన్ మీటరు, శక్తి 0.72 కిలోవాట్. 80/16 అలాగే ఉంచి, వెనక 48, ముందు 9. మొత్తం 26.7. నాలుగు వేలకి 20 కి.మీ., 6,500కి 32. టైరు దగ్గర తోపు 76 న్యూటన్లు, నువ్వు మొదట పెట్టిన 35 సీసీ కంటే ఎక్కువే. కట్ట దగ్గర మాత్రం నాన్నగారు నాలుగు తొక్కుళ్లు సాయం చెయ్యాలి. సైకిల్‌కి పెడల్ ఉన్నది అందుకే.

రేణిగుంట_చంద్ర · 14 జూన్, ఉదయం 7:00

ఈ చర్చ చూస్తుంటే మా నాన్న గుర్తొచ్చారు. తిరుపతిలో మోపెడ్స్ ఇండియా ఫ్యాక్టరీ ఉండేది, ఫ్రాన్సు మోటోబెకాన్ వాళ్ల సాంకేతికతతో సువేగ మోపెడ్లు చేసేవాళ్లు. నాన్న అక్కడ అసెంబ్లీలో పని చేశారు. సువేగ టూ స్ట్రోక్, పెడల్ కూడా ఉండేది. ఎత్తు వస్తే దిగేవారు కాదు, తొక్కేవారు. చిన్న ఇంజిన్‌ని బతిమాలి నడపాలి, గద్దించి కాదు అనేవారు.

సైకిల్‌కి ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ అంటే ఇటలీ వాళ్ల కుచ్చోలో గురించి కూడా చెప్పుకోవాలి. యుద్ధం అయిపోయిన వెంటనే, 1946లో డుకాటి కంపెనీ తయారు చెయ్యడం మొదలుపెట్టింది. 48 సీసీ. ఆ పేరుకి కుక్కపిల్ల అని అర్థం, సైలెన్సర్ చప్పుడు అలా ఉండేదట. అంత చిన్న ఇంజిన్‌కే రెండు గేర్లు పెట్టారు. మాస్టారు చెప్పిన కష్టం వాళ్లకీ ఎదురై ఉంటుంది. అదే ఏడు జపాన్‌లో హోండా సోయిచిరో సైన్యం వదిలేసిన వైర్‌లెస్ జనరేటర్ ఇంజిన్లు తెచ్చి సైకిళ్లకి బిగించి అమ్మాడు.

పొదలకూరు_నిమ్మతోట · 6 జూలై, రాత్రి 8:15

అందరికీ నమస్కారం. బండి తయారైంది. ఆలస్యానికి క్షమించండి, పుల్లీ రావడానికే పన్నెండు రోజులు పట్టింది.

మస్తాన్ అన్న దగ్గర 25 సీసీ తెచ్చాను. క్లచ్ చిన్నది, డ్రమ్ము వేరు, బ్రాకెట్ రంధ్రాలు మళ్లీ వేయించాల్సి వచ్చింది. మధ్య షాఫ్టుకి ఫ్యాన్లలో వేసే 6202 బేరింగులు రెండు. వెనక పళ్ల చక్రం ఓరుగల్లు అన్న చెప్పినట్టు హబ్బుకి పట్టీతో. చక్రం తిప్పి పక్కన పెన్సిల్ ఆనించి చూశాం, అటూ ఇటూ ఊగడం లేదు.

నాన్న మొదటిరోజు నేను వెనక బండి మీద వస్తుండగా తోట దాకా పోయాడు. నేను చూసింది చెప్తాను. ఇంటి ముందు పది తొక్కుళ్లు తొక్కాడు. రేసు తిప్పగానే ఇంజిన్ గొంతు పైకి లేచింది, ఒక్క క్షణం అక్కడే ఆగింది, అంతలో చైను బిగుసుకుంది. ఇంజిన్ గొంతు కొంచెం కిందికి దిగి అక్కడి నుంచి బండితో పాటే మళ్లీ పెరిగింది. మునుపు ఇలా ఎప్పుడూ లేదు, గొంతు ఒక చోట, బండి ఒక చోట. కట్ట మీద ఆయన కాళ్లు ఆడించాడు, ఇంజిన్ ఆగలేదు. పైకి చేరాక వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఏమీ అనలేదు.

తోటలో డ్రమ్ము మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది, అంతే.

తొమ్మిది కిలోమీటర్లకి 24 నిమిషాలు. వేగం 28 దాటనివ్వలేదు. ఎందుకంటే అది పాత రాడ్ బ్రేకుల సైకిల్, వాన పడి రిమ్ము తడిస్తే బ్రేకు పట్టదు. వెనక డ్రమ్ బ్రేకు హబ్బు వేయించే దాకా తడి రోజు ఇంజిన్ వాడొద్దని చెప్పాను, ఒప్పుకున్నాడు.

ఇంకొకటి, ఇది మీలో పెద్దవాళ్లకి బండి చేసే ప్రతి ఒక్కరూ గమనించాలి. నాన్న కట్టేది పంచె. కుడి పక్క పెడల్ చైనుకి రేకు డబ్బా ముందే ఉంది. ఎడమ పక్క ఇంజిన్ చైను బోడిగా ఉంది. మొదటి ట్రయల్లోనే గాలికి పంచె కుచ్చిళ్లు ఆ చైనుకి జానెడు దూరంలో ఎగరడం చూశాను, నా గుండె ఆగినంత పనైంది. వెంటనే ఆపించి, మూడంగుళాల పీవీసీ పైపు నిలువునా చీల్చి, వేడి చేసి వంచి, చైను పైనా కిందా కప్పేలా క్లాంపులతో బిగించాను. బెల్టుకి రేకు కవరు. ఈ పని అయ్యే దాకా నాన్నని మళ్లీ ఎక్కనివ్వలేదు.

ఓరుగల్లు_సైకిల్ · 6 జూలై, రాత్రి 8:40

పీవీసీ పైపు ముచ్చట బాగున్నదన్న. రేపే చేస్త. మా బాపు గూడ ధోతే కడ్తడు.

లెక్కల_మాస్టారు · 6 జూలై, రాత్రి 9:10

గొంతు ఆగి, దిగి, మళ్లీ బండితో పెరిగిందన్నావు చూశావూ, క్లచ్ పూర్తిగా పట్టుకున్నదనడానికి అంతకంటే మంచి గుర్తు లేదు. ప్రతి రెండు వారాలకీ చైను మధ్యలో వేలితో నొక్కి చూడు, అర అంగుళం ఆడాలి. బిగుతైతే బేరింగులు పోతాయి. ఇంజిన్ ఆపే స్విచ్ హ్యాండిల్ మీద బొటనవేలికి అందేలా ఉందా?

పొదలకూరు_నిమ్మతోట · 6 జూలై, రాత్రి 9:25

ఉంది మాస్టారూ, ఎడమ చేతి వైపు ఎర్రది. రేసు వైరుకి రెండో స్ప్రింగు కూడా వేశాను, వదిలితే చటుక్కున వెనక్కి వస్తుంది.

పొదలకూరు_నిమ్మతోట · 29 ఆగస్టు, ఉదయం 6:30

మళ్లీ ఒక సందేహం. వానలకి పద్దెనిమిది రోజులు బండి తీయలేదు. నిన్న తీస్తే స్టార్ట్ కాలేదు. పంపు బుడ్డి నొక్కితే పెట్రోలు వస్తోంది. ప్లగ్గు తడిగా ఉంది, స్పార్కు ఉంది.

మస్తాన్_స్ప్రేయర్ · 29 ఆగస్టు, ఉదయం 7:00

ట్యాంకులో ఉన్నది పాత పెట్రోలే కదా? గాజు సీసాలోకి వంపి పది నిమిషాలు ఉంచు. అడుగున వేరే పొర తేలితే నీళ్లు చేరినట్టు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసినది. ఇథనాల్ గాల్లో తేమని పీలుస్తుంది. ఇంత చిన్న ట్యాంకులో, వానాకాలం, సగం ఖాళీగా పెడితే ఇలా అవుతుంది. ఈ చిన్న ఇంజిన్ల పుస్తకాల్లో 10 శాతం వరకే అని రాసి ఉంటుంది కూడా. వారం కంటే ఎక్కువ ఆపేటట్టయితే ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయే దాకా నడిపించి పక్కన పెట్టు. పైపులు ఆరు నెలలకోసారి వేలితో వంచి చూడు, పగుళ్లుంటే మార్చు.

పొదలకూరు_నిమ్మతోట · 29 ఆగస్టు, ఉదయం 8:10

సీసా అడుగున వేలి మందాన మబ్బుగా పొర. వంపేసి, ప్లగ్గు తుడిచి, కొత్త పెట్రోలు పోశాను. నాలుగో లాగుకి అందుకుంది. నాన్న అప్పుడే సంచి కట్టుకుని బయల్దేరాడు, తోటలో ఇవాళ కాయ కోత ఉంది.

సీసా మాత్రం దాచి పెట్టాను అన్నా, వీధిలో ఇంకో ఇద్దరు ఇలాంటి బండి కట్టించమని అడుగుతున్నారు, వాళ్లకి చూపించాలి.